ఉప్పు, పంచదార, నీరు: జీవకణం చెప్పే పాఠం

"విరేచనాలు అవుతున్న పిల్లవాడికి నీళ్ళు పట్టవచ్చునా?"

నలభై సంవత్సరాల నా వైద్యవృత్తిలో తల్లులు నన్ను అడిగిన ప్రశ్నలలో ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి లేదు. 'తాగిన నీరే కిందికి పోతున్నది. నీళ్ళు మానిపిస్తే విరేచనాలు కట్టుకుంటాయి' అని ఇంట్లో పెద్దలు చెబుతారు. ఆ మాట తర్కానికి నిలిచినట్లే కనిపిస్తుంది. చిల్లిపడిన కుండలో ఎవరూ నీరు పోయరు కదా! కాని ప్రేగు మట్టికుండ కాదు. అది సజీవమైన కణాలతో కట్టిన గోడ. ఆ కణాలకు తలుపులున్నాయి. ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలిసినవారికి పై ప్రశ్నకు సమాధానం దానంతట అదే తెలుస్తుంది. ఆ సంగతిని గృహిణులకు సైతం సుబోధకంగా ఉండేటట్లు ఈ వ్యాసంలో వివరిస్తాను.

నేను చేసిన పొరపాటు

ముందుగా ఒక విషయం దాచకుండా చెప్పాలి. గురువుగారి ఇంట ఉండి చరకాన్ని, వాగ్భటాన్ని అధ్యయనం చేసి, సొంతంగా వైద్యం ప్రారంభించిన రెండవ సంవత్సరం అది. రెండేళ్ళ బిడ్డను అతిసారంతో నా వద్దకు తెచ్చారు. చరకసంహిత సూత్రస్థానంలో లంఘనం పది విధాలని చెబుతూ, దాహాన్ని ఓర్చుకోవడాన్ని కూడ వాటిలో చేర్చారు. ఆ శ్లోకం నాకు కంఠస్థం. మందు ఇచ్చి, విరేచనాలు కట్టేవరకు నీళ్ళు పట్టవద్దని చెప్పి పంపించాను.

మరునాటి ఉదయానికి బిడ్డ కళ్ళు గుంటలు పడ్డాయి. ఏడిస్తే కన్నీరు లేదు. పొట్టమీది చర్మాన్ని వేళ్ళతో పట్టి వదిలితే మడత అలాగే నిలిచిపోయింది. తల్లి నన్ను అడగకుండానే బిడ్డను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయింది. నేనూ వెనుకనే వెళ్ళాను. అక్కడ ఒక నర్సు పొట్లంలోని పొడిని నీటిలో కలిపి చెమ్చాతో పడుతున్నది. బిడ్డ కక్కితే పది నిముషాలు ఆగి, మళ్ళీ పడుతున్నది.

"తాగినది తాగినట్లే పోతుంది కదమ్మా, లోపల ఎలా నిలుస్తుంది?" అని అడిగాను.

"ఎలా నిలుస్తుందో నాకు తెలియదండీ. నిలుస్తుంది," అన్నది ఆమె, చెమ్చా ఆపకుండానే.

సాయంత్రానికి బిడ్డ మూత్రం పోశాడు, కన్నీళ్ళతో ఏడ్చాడు. ఆ ఏడుపు విని నాకు ప్రాణం లేచివచ్చింది. 'ఎలా నిలుస్తుంది?' అనే ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. దానికి సమాధానం వెదుకుతూ, గురుకులంలో చదవని శాస్త్రాన్ని నడివయస్సులో పుస్తకాలు ముందు పెట్టుకొని చదువుకున్నాను.

కణం అనే గది

1665లో రాబర్ట్ హుక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బెరడుముక్కను పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. తేనెపట్టులోని అరల వంటి చిన్నచిన్న గదులు కనిపించాయి. వాటికి గది అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. దానినే మనం కణం అంటున్నాం. ఆయన చూసినవి నిర్జీవమైన గోడలు మాత్రమే. సజీవ కణంలో చిక్కని ద్రవం, దాని నడుమ వంశలక్షణాలను భద్రపరచే కేంద్రకం, ఆహారాన్ని శక్తిగా మార్చే మైటోకాండ్రియాలు ఉంటాయి. మానవ శరీరంలో ఇటువంటి కణాలు సుమారు 30 లక్షల కోట్లు ఉంటాయని నేటి అంచనా.

శరీరావయవాలను పరమాణుభేదంతో విభజిస్తే అవి లెక్కకు అందవని, మిక్కిలి ఎక్కువగా, మిక్కిలి సూక్ష్మంగా, ఇంద్రియాలకు అగోచరంగా ఉండటమే అందుకు కారణమని చరకసంహిత శారీరస్థానం చెప్పింది. అంతమాత్రాన చరకుడు కణాన్ని చూశాడని నేను అనను. సూక్ష్మదర్శిని లేని కాలం అది. లేనిదానిని ఆపాదించడం వలన ఆ మహనీయుని గౌరవం పెరగదు.

గోడ కాదు, ద్వారపాలకుడు

కణాన్ని చుట్టి ఉండే పొరను కణత్వచం అంటారు. దీని మందం ఏడెనిమిది నానోమీటర్లు. అంటే ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఏడెనిమిది భాగాలన్నమాట. ఇది ప్రధానంగా కొవ్వుతో నిర్మితమైనది. ఎర్ర రక్తకణాల నుండి ఈ కొవ్వును తీసి నీటిపై పరచి కొలిచిన గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు డచ్చి శాస్త్రజ్ఞులు, అది రెండు వరుసలుగా అమరి ఉంటుందని 1925లో ప్రకటించారు. ఆ కొవ్వు పొరలో మాంసకృత్తులు తేలుతూ ఉంటాయని 1972లో సింగర్, నికల్సన్ వివరించారు. ఆ మాంసకృత్తులలో కొన్ని తలుపులుగాను, కొన్ని తోడుయంత్రాలుగాను పనిచేస్తాయి.

పదార్థాలు ఈ పొరను దాటే పద్ధతులు ముఖ్యంగా మూడు.

మొదటిది విసరణం. పూజగదిలో వెలిగించిన అగరువత్తి వాసన వసారా వరకు వ్యాపించినట్లు, పదార్థం ఎక్కువగా ఉన్న చోటి నుండి తక్కువగా ఉన్న చోటికి తనంత తానుగా పోతుంది. ప్రాణవాయువు, బొగ్గుపులుసు వాయువు ఇలాగే కొవ్వు పొరగుండా నేరుగా దాటిపోతాయి.

రెండవది ద్రవాభిసరణం. ఇది నీటి నడక. ఉప్పు గాని చక్కెర గాని ఎక్కువగా కరిగి ఉన్న వైపుకు నీరు పొరను దాటి పోతుంది. మాగాయ పెట్టే ఇల్లాలికి ఇది కొత్త విషయం కాదు. మామిడి ముక్కలకు ఉప్పు కలిపి మూడు రోజులు ఊరనిస్తే జాడీలో ఊట నిలుస్తుంది. ఆ నీరు ముక్కల కణాలలో నుండి ఉప్పు లాగినదే. నీరు వేగంగా దాటడానికి కణత్వచంలో ప్రత్యేకమైన నీటిదారులు ఉన్నాయని పీటర్ ఆగ్రే బృందం 1992లో నిరూపించింది. ఆయనకు 2003లో నోబెల్ బహుమతి లభించింది.

మూడవది సక్రియా రవాణా. నూతిలో నుండి నీరు తోడాలంటే చేయి ఆడాలి. అలాగే తక్కువ ఉన్న చోటి నుండి ఎక్కువ ఉన్న చోటికి పదార్థాన్ని పంపాలంటే శక్తి ఖర్చు కావాలి. 1957లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ కనుగొన్న సోడియం-పొటాషియం తోడుయంత్రం ఇందుకు ఉదాహరణ. ఇది మూడు సోడియం అయానులను కణం నుండి బయటకు తోడి, రెండు పొటాషియం అయానులను లోపలికి చేరుస్తుంది. దీనికి ఇంధనం ఏ.టి.పి. అనే పదార్థం. దానిని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. అమెరికాలో ఫిస్కేతో కలిసి ఆయన ఈ పరిశోధన చేశారు.

జంటగా వస్తేనే తెరుచుకునే తలుపు

ఇక ప్రేగు విషయానికి వద్దాం. మనం తాగే నీరు, తినే ఆహారంలోని నీరు కలిసి రోజుకు సుమారు 2 లీటర్లు. లాలాజలం, జఠరరసం, పిత్తం మొదలైన జీర్ణరసాలు మరో 7 లీటర్లు. ఈ 9 లీటర్లలో మలంతో బయటకు పోయేది 100 నుండి 200 మిల్లీలీటర్లు మాత్రమే. మిగిలినదంతా ప్రేగు కణాలు తిరిగి రక్తంలోకి చేరుస్తాయి.

ఎలాగంటే, ప్రేగు కణాలు రక్తం వైపున సోడియాన్ని నిరంతరం తోడివేస్తూ ఉంటాయి. అందువలన కణం లోపల సోడియం తక్కువవుతుంది. ప్రేగులో ఉన్న సోడియం లోపలికి రావడానికి సిద్ధంగా ఉంటుంది. కాని కొవ్వు పొరను అది దాటలేదు. తలుపు కావాలి. అక్కడున్న ఒక ముఖ్యమైన తలుపు సోడియం ఒక్కటే వస్తే తెరుచుకోదు, గ్లూకోజు ఒక్కటే వచ్చినా తెరుచుకోదు. దంపతులిద్దరూ పీటలమీద కూర్చుంటేనే వ్రతం సాగినట్లు, రెండూ కలిసి వస్తేనే లోపలికి పోనిస్తుంది. ఒక గ్లూకోజు అణువుకు రెండు సోడియం అయానులు తోడు. అవి లోపలికి పోగానే, ద్రవాభిసరణ నియమం ప్రకారం నీరు వాటిని అనుసరిస్తుంది. ఈ జంట ప్రయాణాన్ని 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన సభలో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు.

కలరాలో జరిగేదేమిటి? ఆ క్రిమి విషం ప్రేగు కణాలలోని మరొక తలుపును తెరిచి ఉంచుతుంది. దానిగుండా క్లోరైడు ప్రేగులోకి ధారగా వస్తుంది. సోడియం, నీరు దానిని అనుసరిస్తాయి. అవే బియ్యపు కడుగు వంటి విరేచనాలు. అయితే సోడియం, గ్లూకోజుల జంట తలుపును ఆ విషం మూయలేదు! నీరు పోయే దారి తెరిచి ఉన్నా, వచ్చే దారి కూడ తెరిచే ఉన్నది. ఉత్త నీరు తాగిస్తే ఆ దారి సరిగా ఉపయోగపడదు. ఉప్పు, చక్కెర తగుపాళ్ళలో కలిపి తాగిస్తే ఉపయోగపడుతుంది. నర్సు చెమ్చాలోని నీరు లోపల నిలవడానికి కారణం ఇదే.

బన్‌గావ్ శిబిరంలో

1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధకాలాన లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాలు సరిహద్దు చేరారు. బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. నరానికి ఎక్కించే సెలైను చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని పీపాలలో నింపి, రోగుల బంధువుల చేతనే తాగించారు. అంతకుముందు సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. ఆయన 2022లో కీర్తిశేషులయ్యారు. 2023లో భారత ప్రభుత్వం మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది.

కొలత తప్పితే

ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు అనుకోరాదు. చక్కెర పాలు ఎక్కువైతే మాగాయ జాడీలో జరిగినదే ప్రేగులో జరుగుతుంది. నీరు శరీరంలోకి పోవడానికి బదులు ప్రేగులోకి ఊరుతుంది, విరేచనాలు పెరుగుతాయి. ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డ ప్రాణానికే ముప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ 2002లో తన మిశ్రమాన్ని పలుచన చేసింది. లీటరుకు ఉప్పును 3.5 గ్రాముల నుండి 2.6 గ్రాములకు, గ్లూకోజును 20 గ్రాముల నుండి 13.5 గ్రాములకు తగ్గించింది.

కూల్‌డ్రింకులు, డబ్బాలలో వచ్చే తీపి పండ్లరసాలు ఈ కారణంగానే పనికిరావు. ఓ.ఆర్.ఎస్. అనే పేరుతో తీపి పానీయాలు కూడ అమ్ముడుపోయాయి. హైదరాబాదుకు చెందిన ఒక శిశువైద్యురాలు దీనిపై ఏళ్ళ తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతలకు సరిపోని పానీయాలపై ఆ పేరు వాడరాదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆదేశించింది.

ఇంటిలో చేయవలసినది

ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరికితే అదే శ్రేష్ఠం. పొట్లం మీద చెప్పినంత నీటిలో మొత్తం పొడిని ఒకేసారి కలపాలి. పొట్లం లేనప్పుడు, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో 6 చిన్న చెమ్చాల పంచదార, అర చెమ్చా ఉప్పు కలపండి. చెమ్చా తలకొట్టినట్లు సమంగా ఉండాలి, కుప్పగా తీయరాదు. రుచి చూస్తే కన్నీటి కంటె ఉప్పగా ఉండరాదు. 24 గంటలు దాటితే పారబోసి, మళ్ళీ కలుపుకోవాలి.

విరేచనమైన ప్రతిసారీ రెండేళ్ళలోపు పిల్లలకు 50 నుండి 100 మిల్లీలీటర్లు, రెండు నుండి పదేళ్ళవారికి 100 నుండి 200 మిల్లీలీటర్లు, పెద్దవారికి తాగగలిగినంత ఇవ్వాలి. చంటిబిడ్డకు తల్లిపాలు మానరాదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు, పెద్దలకు చిటికెడు ఉప్పు వేసిన పలుచని బియ్యపు గంజి కూడ మంచిది. బియ్యంలోని పిండిపదార్థం నెమ్మదిగా గ్లూకోజుగా మారి, జంట తలుపుకు కొద్దికొద్దిగా అందుతుంది. అతిసారంలో మన శాస్త్రం చెప్పిన పేయ, పేలాలతో చేసే లాజమండం ఈ కోవలోనివే. పిల్లలకు జింకు మందు ఎంత, ఎన్ని రోజులు అన్నది వైద్యుని అడిగి తెలుసుకోండి.

బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, తాగినదంతా కక్కుతున్నా, కళ్ళు గుంటలు పడినా, మూత్రం ఆగినా, మలంలో రక్తం కనిపించినా ఇంటివైద్యం కట్టిపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. గుండె, మూత్రపిండాల వ్యాధులున్నవారు వైద్యుని సలహాతోనే ఈ నీరు వాడాలి.

తిరిగి ఆ శ్లోకం వద్దకు

శాస్త్రం తప్పు చెప్పిందా? లేదు, నేను సగమే చదివాను. శరీరానికి లాఘవం కలిగించేది ఏదైనా లంఘనమే అని చరకసంహిత నిర్వచించింది. నీరు పోయి ఎండిపోయిన బిడ్డకు ఇంకా దేనిని తేలిక చేయాలి? అదే సూత్రస్థానంలో, ఆపకూడని పదమూడు వేగాలలో దాహాన్ని కూడ చేర్చారు. లంఘనం చెప్పిన శ్లోకం నా నోట ఉన్నది, దాహాన్ని ఆపవద్దన్న మాట ఆనాడు గుర్తుకు రాలేదు. కణత్వచం గురించి చదివిన తరువాతనే ఆ రెండవ మాట విలువ నాకు తెలిసివచ్చింది.

ఇప్పుడు తల్లులు ఆ ప్రశ్న అడిగినప్పుడు నేను ఆలోచించను. "పట్టండమ్మా. కొలత తప్పకుండా కలిపి, చెమ్చాతో కొద్దికొద్దిగా పట్టండి. బిడ్డ కక్కితే పది నిముషాలు ఆగి మళ్ళీ పట్టండి. ఆపవద్దు," అని చెబుతాను. ఆ మాటలు నావి కావు. ఒకనాటి ఉదయం ఒక నర్సు వద్ద నేర్చుకున్నవి.