ఓడే పాత్ర గురువుది

జపాను యుద్ధవిద్యల శిక్షణను చూపే పాత నలుపు తెలుపు చలనచిత్రాలలో చూపరి కన్ను విసిరేవాడి మీదనే నిలుస్తుంది. విసురుకు లోనై చాప మీద పడేవాడిని అది దాదాపు పట్టించుకోదు. జూడోలో అత్యున్నతమైన పదవ దాన్, అంటే పదవ శ్రేణి, పొందిన మిఫునె క్యూజో విద్యను చూపుతూ 1955లో వెలువడిన చిత్రం ఇందుకు మంచి ఉదాహరణ. డెబ్భై ఏళ్లు దాటి, సుమారు 1.6 మీటర్ల ఎత్తు మాత్రమే ఉన్న ఆ వృద్ధుడు తనకంటె ఎంతో బరువైన యువకులను అలవోకగా పడవేస్తుంటే ఆశ్చర్యపోవడం సహజమే. అయితే వ్యక్తిత్వాన్ని దిద్దుకోవాలనుకునేవారు ఆ చిత్రాన్ని రెండవసారి చూసేటప్పుడు చూపును పడే యువకుడి మీదికి మరల్చడం మంచిది. అతడు ఎలా పడుతున్నాడు, ఎలా లేస్తున్నాడు, లేచి వెంటనే మళ్లీ అదే పట్టుకు ఎందుకు సిద్ధమవుతున్నాడు అనే ప్రశ్నలు వేసుకున్నప్పుడే ఆ చిత్రం బోధించడం మొదలుపెడుతుంది.

జూడోకు రూపమిచ్చిన కానో జిగొరో 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపలు పరిచినంత చోటులో కోదోకాన్ శిక్షణాలయాన్ని ప్రారంభించాడు. ఆ సంప్రదాయంలో కొత్తగా చేరినవారికి మొదట నేర్పేది విసరడం కాదు, పడడం. దీనిని ఉకేమి అంటారు. గడ్డాన్ని ఛాతీకి చేర్చి, వీపును గుండ్రంగా వంచి, చేతిని శరీరానికి కొంత దూరంగా చాచి అరచేతితో, ముంజేతితో చాపను గట్టిగా చరిచినప్పుడు దెబ్బ ఒకే చోట తగలకుండా విస్తరిస్తుంది, తల భద్రంగా ఉంటుంది. వెనక్కి, పక్కకు, ముందుకు, దొర్లుతూ పడే పద్ధతులన్నీ శరీరానికి అలవాటైన తరువాతే విసుర్ల సాధన జరుగుతుంది. పడతానేమోనన్న భయం తీరనివాడి శరీరం బిగుసుకుపోతుంది, బిగుసుకున్న శరీరం కదలికను నేర్వలేదు. కానో ఏళ్ల తరబడి ఉపాధ్యాయ శిక్షణ కళాశాల బాధ్యతలు మోసిన విద్యావేత్త కాబట్టే ఈ క్రమం ఒక ఆలోచనతో ఏర్పడిందని భావించవచ్చు. తానూ ఎదుటివాడూ కలిసి బాగుపడాలనే అర్థమున్న జిత క్యోయెయి అనే సూత్రాన్ని ఆయన తన విద్యకు ఒక మూలస్తంభంగా నిలిపాడు.

కత్తి విద్యకు వస్తే ఈ సంగతి ఇంకా లోతుగా కనిపిస్తుంది. 1912లో స్థిరపడిన కెండో కతా, అంటే ముందే నిర్ణయించిన కదలికలతో ఇద్దరు కలిసి చేసే సాధన, మొత్తం పది రూపాలుగా ఉంటుంది. వాటి రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించిన తకానో ససబురో, మహా ఖడ్గవిద్యావేత్త నకయామ హకుదోతో కలిసి ఆ రూపాలను ప్రదర్శించిన పాత చిత్రం నేటికీ లభిస్తుంది. ఈ కతాలో దాడి ప్రారంభించేవాడిని ఉచిదాచి అనీ, దానికి బదులిచ్చి గెలిచేవాడిని షిదాచి అనీ పిలుస్తారు. సంప్రదాయం ప్రకారం ఉచిదాచి గురుస్థానం, షిదాచి శిష్యస్థానం. పది రూపాలలోనూ ఓటమి గురుస్థానంలో ఉన్నవాడిదే. చివరి మూడు రూపాలలో శిష్యుడి చేతిలో ఉండేది పొట్టి కత్తి, గురువు చేతిలో ఉండేది నిడుపాటి కత్తి, అయినా ఫలితం మారదు.

ఈ ఓటమిని ముందే కుదిరిన నాటకమని తేలికగా కొట్టివేయరాదు. గురువు నిజంగా తగిలేటట్టు, సరైన దూరం నుంచి, సరైన లక్ష్యానికి కత్తి దింపకపోతే శిష్యుడు నేర్చుకునేది ఏమీ ఉండదు. అతడు దాడిని మెత్తబరిస్తే శిష్యుడికి దక్కేది అబద్ధపు గెలుపు, తన పెద్దరికం నిలుపుకోవడానికి చివరి క్షణంలో తప్పించుకుంటే దక్కేది నిరుత్సాహం. పూర్తి శక్తితో సవాలు విసరడం, శిష్యుడు దానిని సరిగ్గా ఎదుర్కొన్న క్షణంలో పూర్తి నిజాయితీతో ఓటమిని స్వీకరించడం అనే రెండు పనులూ ఒకే మనిషి చేయాలి. అహంకారం ఏమాత్రం మిగిలినా ఈ రెండింటిలో ఒకటి చెడుతుంది. ఈ పాత్రను పెద్దవారికే అప్పగించడంలో ఆ సంప్రదాయం చూపిన వివేకం ఎంతో గొప్పది.

ఇక మన నేల సంగతికి వస్తే, కృష్ణా డెల్టా ప్రేక్షకులకు పాత చలనచిత్రంలో బాహుయుద్ధమంటే 1963 నాటి ‘నర్తనశాల’ గుర్తుకు వస్తుంది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో బరువులెత్తి పతకం సాధించిన కృష్ణా జిల్లా బిడ్డ దండమూడి రాజగోపాలరావు అందులో భీముడు. విజయవాడలోని ఇండోర్ స్టేడియం నేడు ఆయన పేరుతోనే ఉంది. ఆయనతో మల్లయుద్ధంలో తలపడే జీమూతమల్లుడిగా నెల్లూరు కాంతారావు నటించాడు. భారత కథ ప్రకారం జీమూతుడు మళ్లీ లేవడు. విజయవాడ ఇంద్రకీలాద్రికి స్థలపురాణం చెప్పే కథ దీనికి భిన్నమైనది: కిరాతుడి వేషంలో వచ్చిన శివుడి చేతిలో అర్జునుడు బాణాలు కోల్పోయి, బాహుయుద్ధంలోనూ ఓడి నేలకూలిన తరువాతనే పాశుపతాస్త్రం పొందాడు. పడినవాడు లేచే కథ, లేవని కథ, రెండూ ఈ నేల మీదనే ప్రచారంలో ఉన్నాయి. అయితే పరీక్షా ఫలితాల రోజులలో విజయవాడ బందరు రోడ్డు వెంట కట్టే ర్యాంకుల ప్రకటనలలో పడి లేచే కథ ఛాయ కూడా కనిపించకపోవడం బాధాకరం. పడడం ఎలాగో ఎన్నడూ నేర్పకుండానే పదహారేళ్ల పిల్లలను పోటీ పరీక్షలకు పంపుతున్న నగరంలో ఉకేమి గురించి మాట్లాడడం అత్యవసరం. తాను వేసిన మెట్టులో తప్పు పట్టిన విద్యార్థిని నల్లబల్ల దగ్గరకు పిలిచి, లెక్కను పూర్తిగా అతడి చేత చేయించి, తరగతి ముందు తన తప్పును ఒప్పుకునే అధ్యాపకుడు ఉచిదాచి స్థానంలో నిలిచినట్టే.

జపాను యుద్ధవిద్యల పాత చిత్రాలను చూసేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. మూకీల కాలంలో సెకనుకు తక్కువ చట్రాలతో తీసిన దృశ్యాలను తరువాతి కాలపు వేగంతో ఆడిస్తే మనుషులు అసలు కంటె చురుకుగా కదులుతున్నట్టు తోస్తుంది. అందువల్ల వేగాన్ని చూసి సామర్థ్యాన్ని అంచనా వేయరాదు. ప్రదర్శన కోసమే తీసినవి కావడంతో వాటిలో నిత్య సాధనలోని విసుగు, అలసట దాదాపు కనిపించవు. వేగాన్ని తగ్గించి, విసిరేవాడిని పక్కన పెట్టి, పడేవాడి గడ్డం ఎప్పుడు ఛాతీకి చేరిందో, చేయి చాపను ఎప్పుడు తాకిందో, లేచేటప్పుడు చూపు ఎదుటివాడి మీదనే నిలిచిందో లేదో గమనించాలి. కత్తి రూపాలలోనైతే ఓడిన తరువాత ఉచిదాచి భంగిమలో, ముఖంలో ఏ మార్పూ కనిపించకపోవడాన్ని, తరువాతి రూపానికి దాడిని మళ్లీ అతడే ప్రారంభించడాన్ని చూడాలి.