ఫార్మాట్ కొట్టే ముందు

"సిస్టమ్ ఆన్ అవ్వట్లేదు" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఒకటే: ఎక్కడిదాకా వచ్చి ఆగింది? పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ కనపడే దాకా నాలుగు మజిలీలున్నాయి. ఎస్ఎంపీఎస్ కరెంటు ఇస్తుంది. బయాస్ లేచి ర్యామ్, కీబోర్డ్, డిస్క్ ఉన్నాయో లేదో చూసుకుంటుంది. తర్వాత డిస్క్‌లో బూట్‌లోడర్‌ని వెతుకుతుంది. ఆ బూట్‌లోడర్ విండోస్‌నో లైనక్స్‌నో లేపుతుంది. ఏ మజిలీలో ఆగిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

1. ఫ్యానే తిరగట్లేదా? ప్లగ్, పవర్ కేబుల్, ఎస్ఎంపీఎస్ వెనక ఉండే చిన్న స్విచ్ చూడండి. వేరే కేబుల్ పెట్టి చూడండి. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది.

2. ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ నల్లగా ఉందా? మానిటర్ కేబుల్ చూశాక ర్యామ్ మీద అనుమానపడాలి. ప్లగ్ తీసి, ర్యామ్ బయటికి లాగి, బంగారు రంగు అంచుని మెత్తని రబ్బరుతో మెల్లిగా తుడిచి, పొట్టు దులిపి, క్లిప్ 'టక్' అనేదాకా నొక్కండి. రెండుంటే ఒక్కోటి విడిగా పెట్టి చూడండి.

3. లోగో వచ్చి, బూట్ డివైస్ లేదంటోందా? ముందు పెన్‌డ్రైవ్ ఏదైనా గుచ్చి వదిలేశారేమో చూడండి. బయాస్‌లోకి వెళ్లి డిస్క్ పేరు కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే సాటా కేబుల్ తీసి మళ్లీ గట్టిగా పెట్టండి.

4. విండోస్ లోగో దాకా వచ్చి నీలం తెర పడుతోందా? ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. మా క్లబ్ గదిలోని విండోస్ 7 సిస్టమ్ సంగతి చెప్తాను. మన పత్రిక పాత సంచికల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. వేసవి సెలవుల తర్వాత ఆన్ చేస్తే నీలం తెర, కింద 7బి అనే కోడ్. ఒక షాపులో చూపిస్తే డిస్క్ పోయింది, ఫార్మాట్ కొట్టాలన్నారు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు ఉంటుందది.

బయాస్‌లోకి వెళ్తే డిస్క్ పేరు చక్కగా కనిపించింది. తేదీ మాత్రం 2009 అని ఉంది. అదే ఆధారం. మదర్‌బోర్డ్ మీద సీఆర్2032 అనే రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. మల్టీమీటర్ పెడితే 3 వోల్టులు చూపించాల్సింది 2 దగ్గరే ఆగింది. ప్లగ్‌లో కరెంటున్నంత కాలం ఈ బ్యాటరీతో పెద్దగా పని పడదు. సెలవులకి మెయిన్ ఆపేయడంతో సెట్టింగులన్నీ చెరిగిపోయి, సాటా మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారిపోయింది. ఏహెచ్‌సీఐలో ఇన్‌స్టాల్ చేసిన విండోస్ 7కి ఐడీఈలో తన డిస్కే దొరకలేదు. కొత్త బ్యాటరీ వేసి, తేదీ సరిచేసి, మోడ్ మార్చి సేవ్ చేశాం. లేచి కూర్చుంది. ఒక్క ఫైలూ పోలేదు.

అన్ని నీలం తెరలకీ ఇదే మందు కాదు. డిస్క్ నుంచి 'టిక్ టిక్' అని చప్పుడొస్తుంటే నిజంగానే అది చివరి దశలో ఉన్నట్టు. అప్పుడు చెక్‌డిస్క్ లాంటి రిపేర్లు దాన్ని ఇంకా అలసటపెడతాయి. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ముఖ్యమైన ఫైళ్లు ముందుగా కాపీ చేసుకోండి. రిపేరు ఆ తర్వాత. ఫైళ్లు మరీ విలువైనవైతే వెంటనే ఆపేసి, డేటా రికవరీ తెలిసినవాళ్లకి ఇవ్వడం మేలు.

మీ దగ్గర పాత సిస్టమ్ బాగా నడుస్తుంటే ఈ వారమే రెండు పనులు చేయండి. బయాస్ పేజీలన్నీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఫైళ్లు ఇంకోచోట కాపీ చేయండి. పాత సంచికలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. కావాల్సినవాళ్లు పెన్‌డ్రైవ్‌తో రండి, నాలుగో చోటు మీదవుతుంది.