ఒకే పేరు, నాలుగు ఊళ్లు



పోయిన దసరా సెలవులకు మా అయ్య నన్ను తీసుకుపోవడానికి రాలేదు. రెండు రోజులు గేటు దగ్గరే కూర్చున్నాను. తప్పు నాదే. కార్డు మీద ఊరి పేరు రాసి మండలం పేరు మరిచిపోయాను. మా ఊరి పేరుతోనే ఇంకో ఊరు ఉందంట, కార్డు అక్కడికి పోయింది. అప్పుడు సోషల్ మేడమ్ అట్లాస్ తెచ్చి, "ఫ్రాన్సులో కూడా ఇట్లాంటివి ఉన్నాయి, చూడు" అన్నారు. ఆ సంగతులే రాస్తున్నాను.

ఫ్రాన్సులో విల్‌ఫ్రాంష్ అనే పేరుతో చాలా ఊళ్లు ఉన్నాయి. 'విల్' అంటే పట్నం. 'ఫ్రాంష్' అంటే స్వేచ్ఛ గలది. ఇక్కడ స్వేచ్ఛ అంటే కొన్ని పన్నులు కట్టనక్కరలేదు. పూర్వం ప్రభువులు కొత్త పట్నం కట్టిస్తే జనం రావాలి కదా! ఊరికే రమ్మంటే ఎవరొస్తారు? అందుకని పన్నులు తగ్గించి, హక్కులు ఇస్తామని పత్రం రాసి ఇచ్చేవాళ్లు. కట్టించినవాళ్లు వేరైనా పేరు ఒక్కటే అయింది.

1. విల్‌ఫ్రాంష్-ద-కోంఫ్లాన్: స్పెయిన్ వైపు కొండల్లో ఉంది. 11వ శతాబ్దం చివర కట్టారు. 1659 సంధితో ఫ్రాన్సుకు వచ్చింది. తర్వాత వోబాన్ అనే ఇంజనీరు దాని కోటగోడలు బలపరిచాడు. 2008లో యునెస్కో జాబితాలో చేరింది.

2. విల్‌ఫ్రాంష్-సూర్-సోన్: సోన్ నది దగ్గర ఉంది. 12వ శతాబ్దంలో బోజో ప్రభువులు కట్టించారు. ద్రాక్షతోటల బోజొలే సీమకు ఇది రాజధాని అయింది.

3. విల్‌ఫ్రాంష్-ద-రూవెర్గ్: 1252లో రాజు తొమ్మిదవ లూయీ తమ్ముడు ఆల్ఫోన్స్ కట్టించాడు. వీధులు గళ్ల నోటుబుక్కులాగా తిన్నగా ఉంటాయి. నడుమ సంత జరిగే చౌకు, దాని చుట్టూ కమానులు.

4. విల్‌ఫ్రాంష్-సూర్-మేర్: 'మేర్' అంటే సముద్రం. 1295లో ప్రొవాన్స్ ప్రభువు రెండవ చార్లెస్, కొండ మీది జనాన్ని ఒడ్డుకు దిగి రమ్మని పన్నులు తగ్గించాడు. ఈ ఊరు 1860లో ఫ్రాన్సులో కలిసింది. ఇది చదివితే నాకు మా కొండ గుర్తొచ్చింది. దిగి వచ్చేటప్పుడు ఆ ముసలివాళ్లు వెనక్కి తిరిగి చూసి ఉంటారు.

పేరులో స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన అది నిలవదు. 1643లో పన్నుల బరువు మోయలేక రూవెర్గ్ రైతులు తిరగబడి, ఆ విల్‌ఫ్రాంష్ మీదికే వచ్చారు. వాళ్ల నాయకుల్లో ఒకడైన ఝాన్ పెటీ అనే శస్త్రవైద్యుడిని ఆ ఊళ్లోనే చంపేశారు. పత్రం మీద రాసిన మాటను చదవడమే కాదు, అది అమలవుతోందా అని కూడా చూసుకోవాలని నాకు తెలిసింది.

ఈ ఊళ్లను ఎట్లా గుర్తుపడతారు? పేరు వెనక నది, సముద్రం, సీమ పేరు తగిలించారు. మనకు ఆ పని మండలం, జిల్లా, పిన్ నంబరు చేస్తాయి.

చెప్పుకోండి చూద్దాం:
1. 'ఫ్రాంష్' అంటే ఏమిటి?
2. కొండ దిగి వచ్చినవాళ్ల ఊరు ఏది?

సంక్రాంతికి నేను కార్డు మీద అన్నీ రాశాను. మా అయ్య ఒకరోజు ముందే వచ్చాడు.

— 9వ తరగతి విద్యార్థిని