ఎంజీబీకి ఒక బ్యాటరీ చాలా?

ప్రశ్న: నా 1965 ఎంజీబీలో సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలున్నాయి. వాటి బదులు ఒకే 12 వోల్టుల బ్యాటరీ పెట్టవచ్చా?

జవాబు: నిక్షేపంగా పెట్టండి. ఆ రెండూ సిరీస్‌లో ఉన్నాయి కనుక ఒకటి నీరసిస్తే రెండోది బాగున్నా ఇంజిన్ స్టార్ట్ కాదు. 1974 చివరి నుంచి కంపెనీయే ఒకే బ్యాటరీ అమర్చింది.

అసలు జాగ్రత్త వేరే ఉంది. 1967 వరకు ఈ కార్లకు పాజిటివ్ ఎర్త్. మధ్యలో ఎవరైనా మార్చారేమో ముందు చూడండి. మార్చకపోతే కొత్త బ్యాటరీలో కూడా పాజిటివ్ టెర్మినలే బాడీకి వెళ్లాలి. అలవాటు కొద్దీ నెగటివ్ బిగిస్తే రేడియో, టాకోమీటర్ కాలిపోవచ్చు. పాజిటివ్ టెర్మినల్ లావుగా ఉంటుంది. క్లాంపులు సరిపోతాయో లేదో చూసుకోండి.

కొనేముందు గుంట కొలవండి. ఎత్తు ఎక్కువైతే టెర్మినళ్లు పైనున్న ఇనుప మూతకు తగిలి షార్ట్ అవుతాయి, మంటలూ రావచ్చు. కింది తొట్టెలు రోడ్డు నీళ్లకు తుప్పు పడతాయి. మెత్తబడితే ముందు వాటినే మార్చండి. పాత డైనమో ఉన్నంతకాలం లిథియం జోలికి వెళ్లొద్దు, మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీయే మేలు. విప్పేటప్పుడు ఎర్త్ కేబుల్ ముందు తీయండి, బిగించేటప్పుడు చివర్లో పెట్టండి.