పక్క కుర్చీ పెన్షన్

ఏమ్మా చెల్లెళ్లూ, సెప్టెంబర్ 1న నల్లబ్యాడ్జీ పెట్టుకుని డ్యూటీకి వెళ్లేవాళ్లు మీలో ఎంతమంది? బయటివాళ్లకది వింత. "ఒకటో తారీకు గవర్నమెంటు జీతం, ఇంకేం లోటు?" అంటారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబర్ 1 నుంచి కొలువులో చేరినవాళ్లకు సీపీఎస్, అంటే కంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్. ఆ నల్లబ్యాడ్జీ దాని మీద నిరసనే. నేను అంతకుముందే చేరాను కాబట్టి పాత పెన్షన్: సర్వీసు నిండితే చివరి బేసిక్‌లో సగం, దానిమీద కరువు భత్యం. నా పక్క కుర్చీలో కూర్చునే లెక్కల టీచరమ్మకేమో బేసిక్, డీఏల మీద నెలనెలా 10 శాతం కోత. సర్కారూ తన వాటా వేస్తుంది. అరవైల్లో ఆ పోగులో 60 శాతం దాకా చేతికిస్తారు, మిగతాదాంతో యాన్యుటీ కొనాలి. నెలకెంత వస్తుందంటే మార్కెట్‌నే అడగాలి.

ఇద్దరం అదే టెన్త్ క్లాసుకు చెబుతాం, అదే స్పాట్ వాల్యుయేషన్‌లో పేపర్లు దిద్దుతాం. నిజానికి ఆవిడే బాగా చెబుతుంది (మా హెడ్మాస్టారి చెవిన వెయ్యకండి). మా అమ్మాయి పెళ్లికి పీఎఫ్ లోను పెట్టుకున్నప్పుడు ఆవిడ ఆ ఫారం చూసి, "మాకు ఇదీ లేదక్కా" అంది. సీపీఎస్‌లో మధ్యలో తీసుకోవాలంటే తను కట్టినదాంట్లో పాతిక శాతం వరకే, అదీ చదువో, పెళ్లో, ఇల్లో, జబ్బో చూపిస్తేనే. ఆ మాట తర్వాత నా పే స్లిప్ ఆవిడ ముందు తెరవడం మానేశాను.

పెన్షన్ బెంగ అరవైలో మొదలవుతుందనుకుంటాం గానీ, ముప్పై ఐదేళ్లకే స్టాఫ్‌రూమ్‌లో మన పక్కన వచ్చి కూర్చుంటుంది. జీతం తక్కువైతే సర్దుకుంటాం. ఒకే పనికి రెండు రకాల ముసలితనాలంటేనే మనసు విరుగుతుంది. ఖజానా మోయలేదన్న మాటా ఉత్తది కాదులెండి. కానీ ఆంధ్రా 2023లో జీపీఎస్ (గ్యారంటీడ్ పెన్షన్) చట్టం చేసినా, కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి యూపీఎస్ (యూనిఫైడ్ పెన్షన్) తెచ్చినా, రెండూ మళ్లీ "బేసిక్‌లో సగం" దగ్గరికే వచ్చాయి. ఉద్యోగి అడిగేది ఆ గ్యారంటీయేనని వాళ్లకీ తెలిసినట్టేగా!

పోరాటం సంఘాలు చేస్తాయి, మీరూ వెళ్లండి. ఈలోగా ప్రాన్ ఖాతా (మీ సీపీఎస్ ఖాతా) తెరిచి, ప్రతి నెలా కోసిన సొమ్ము జమైందో లేదో, సర్కారు వాటా పడిందో లేదో చూసుకోండి. పెళ్లికి ముందు ఉద్యోగంలో చేరినవాళ్లకు నామినీగా ఇంకా నాన్నగారి పేరే ఉందేమో చూసి, డీడీఓ (జీతం బిల్లు పెట్టే అధికారి) దగ్గర మార్పు ఫారం అడగండి.