మోటుపల్లి అభయ శాసనము: సుంకమునకు హద్దు గీసిన రాజు

సముద్రమున బోవు ఓడ తుఫానులో చిక్కి, పగిలి, ఒడ్డునకు కొట్టుకొని వచ్చినచో అందలి సరకు ఎవరిది? ప్రాణములు దక్కించుకొని తీరము చేరిన వర్తకునిదా? ఆ తీరమును ఏలు రాజుదా? నేటివారికి ఈ ప్రశ్నయే వింతగా తోచవచ్చును. కాని పూర్వము అనేక దేశముల తీరములందు దీనికి లభించిన సమాధానము ఒక్కటియే: ఒడ్డు ఎవరిదో సరకు వారిది. తెలుగు తీరమున ఆ దురాచారమును త్రోసిపుచ్చిన శాసనమొకటి కలదు. అదియే కాకతి గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లిలో వేయించిన అభయ శాసనము.

మోటుపల్లి నేడు బాపట్ల జిల్లా చినగంజాము మండలమునందలి యొక చిన్న గ్రామము. 13వ శతాబ్దమున అది పేరొందిన రేవు. వెనీసు యాత్రికుడు మార్కోపోలో "ముత్ఫిలి" యని పేర్కొని, వజ్రములకును సన్నని వస్త్రములకును నెలవని ప్రశంసించినది ఈ సీమనే. ఇచ్చటి వీరభద్రస్వామి ఆలయ మండప స్తంభముపై ఈ శాసనము చెక్కబడినది. కాలము శాలివాహన శకము 1166, అనగా క్రీ.శ. 1244-45.

శాసన విషయము

దేశాంతరములకు బోవు ఓడలు గాలివానకు గురియై ఒడ్డున బడినపుడు, అందలి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సర్వస్వమును పూర్వపు రాజులు బలాత్కారముగ గైకొనుచుండిరని గణపతిదేవుడు దాపరికము లేక చెప్పెను. ధనమును ప్రాణముకంటెను మిన్నగా నెంచి సముద్రయానమను సాహసమునకు పూనుకొన్న వర్తకులకు, దయచేతను, కీర్తికొరకును, ధర్మముకొరకును, నిర్ణీతమైన సుంకము తప్ప తక్కిన సమస్తమును విడిచితినని ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట ఒక వంతు. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, మిరియములు, పట్టు, పోకలు మున్నగు వానికి వేర్వేరుగ రేట్లు సైతము నిర్ణయింపబడెను.

ఇందలి ధర్మము

ఈ శాసనమున మూడు హద్దులు గోచరించును. మొదటిది: ఆపద వలన స్వామ్యము నశింపదు. గాలి ఓడను విరుగగొట్టగలదు గాని వర్తకుని హక్కును విరుగగొట్టజాలదు. రెండవది: పన్నునకు పరిమితి యుండవలెను. ముప్పదింట ఒక వంతు రాజుది, ఇరువదితొమ్మిది వంతులు వర్తకునివి. మూడవది: ఆ పరిమితి అందరికిని తెలిసియుండవలెను. రేటు రాతిపై నున్నచో వర్తకుడు తాను చెల్లింపవలసినది ముందే లెక్కించుకొనును. సుంకపు అధికారి తనకు తోచినట్లు అడుగజాలడు.

ఇందు రాజునకు నష్టము లేదు. ఒక పగిలిన ఓడను దోచుకొన్నచో ఒక్కనాటి లాభము కలుగును. ఆ వార్త విన్న పది ఓడలు మరియొక రేవునకు మరలిపోవును. అభయమిచ్చినచో ఆ పదియు వచ్చి, ఒక్కొక్కటియు తన వంతు సుంకము చెల్లించును. ధర్మమును అర్థమును ఇచ్చట ఒకే త్రోవన నడచినవి. కాయకమున ఆర్జించినదే శుద్ధమైన సొత్తని బసవేశ్వరుని అనుయాయులు నమ్ముదురు. పరుల కాయకఫలమును బలిమిచే గైకొనుట రాజునకైనను తగదని ఆ నమ్మకమునుండియే తేలును.

దయ చాలునా?

అయినను ఒక ప్రశ్న మిగులును. గణపతిదేవుడు దీనిని వర్తకుల హక్కుగా గాక తన దయగా చెప్పెను. దయతో నిచ్చినదానిని తరువాతి రాజు మరల తీసికొనవచ్చును గదా! ఒక రాజు మాట ఆ రాజు కాలమునకే భద్రము. ఓరుగల్లు 1323లో పతనమైన పిదప ఈ తీరము కొండవీటి రెడ్ల పాలనలోనికి వచ్చెను. 1358లో అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మరల అభయము ప్రకటింపవలసి వచ్చెను. వచ్చినవారిని గౌరవింతుమనియు, స్థిరపడగోరువారికి భూమి నిత్తుమనియు, పోగోరువారిని నిర్బంధింపమనియు, సరకును తమ యిచ్చవచ్చిన వారికి అమ్ముకొనవచ్చుననియు అతడు చాటెను. "అపుత్రిక" మను పన్నును సైతము విడిచెను. మగసంతు లేక మరణించినవాని సొత్తుపై రాజు చూపు అధికారమది. వర్తకుడు సముద్రమున నష్టపోయినను, పరదేశమున మరణించినను అతని సొత్తు రాజుపాలు గారాదను భావము ఈ రెండు శాసనములను కలుపు సూత్రము.

దయగా మొదలైన ఈ హద్దు నేడు విధిగా మారినది. భారత రాజ్యాంగము 265వ అధికరణము ప్రకారము చట్టాధికారము లేక ఏ పన్నును విధింపరాదు, వసూలు చేయరాదు. 1978 నాటి 44వ సవరణతో ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుల నుండి తొలగింపబడినను, 300-ఏ అధికరణము వలన అది చట్టబద్ధమైన హక్కుగా నిలిచియున్నది. నేడు పాలకుని దయకై ఎదురుచూడ బనిలేదు. కాని చట్టమును చేయువారిని ఎన్నుకొనునది ప్రజలే గనుక హద్దును కాపాడు భారమును ప్రజలదే. న్యాయమైన సుంకమును ఎగవేయక చెల్లించుటయు, అన్యాయమైన దానిని నిర్భయముగ ప్రశ్నించుటయు ఆ భారమునందలి రెండు భాగములు. ఇరువదితొమ్మిది వంతులు తనవని చెప్పుకొను వర్తకుడు ముప్పదియవ వంతును దాచరాదు.