క్లౌడ్‌కి వేల రిక్వెస్టులు పంపుతున్నారా? 429 (రిక్వెస్టులు మరీ ఎక్కువయ్యాయనే ఎర్రర్) రాకుండా కొన్ని చిట్కాలు

1. స్క్రిప్టు రాసే ముందే లెక్క వేసుకోండి. గిట్‌హబ్ రెస్ట్ ఏపీఐని టోకెన్ లేకుండా అడిగితే గంటకి 60 రిక్వెస్టులే. పర్సనల్ టోకెన్ పెడితే 5,000. చాలా ఎక్కువనిపిస్తుంది గానీ, సెకనుకి ఒకటిన్నర కూడా పడదు. 100 వర్కర్లు పెట్టి, ఒక్కో జవాబు 200 మిల్లీసెకన్లలో వస్తే సెకనుకి 500 వెళ్తాయి. గంట కోటా 10 సెకన్లలో ఖాళీ! నిజానికి అంతదాకా కూడా పోనివ్వరు. నిమిషానికి ఇన్ని, ఒకేసారి 100కి మించకూడదు అంటూ ఇంకో లిమిట్ అడ్డుపడుతుంది.

2. సెమాఫోర్‌తో వర్కర్లను తగ్గించి ఊరుకోవద్దు. ఒకేసారి ఎన్ని నడుస్తున్నాయన్నదే సెమాఫోర్ చూస్తుంది. నిమిషానికి ఎన్ని వెళ్లాయో దానికి పట్టదు. సర్వర్ చురుగ్గా ఉన్న రోజు పది వర్కర్లతోనే లిమిట్ దాటిపోవచ్చు. అందుకే పక్కన, నిమిషానికి ఎన్ని వెళ్లాలో చూసే టోకెన్ బకెట్ కూడా పెట్టండి. నేనైతే లిమిట్‌లో 80 శాతం దగ్గరే ఆపేస్తాను. అదే ఏపీఐ టోకెన్‌ని టీమ్‌లో ఇంకెవరి స్క్రిప్టు వాడుతోందో ఎవరికి తెలుసు?

3. 429 వచ్చిందా, ముందు హెడర్లు చూడండి. రీట్రై-ఆఫ్టర్ ఉంటే అందులో చెప్పినంతసేపు ఆగాలి, అదీ వర్కర్లన్నీ. అందులో సెకన్లే కాదు, తేదీ, సమయం కూడా ఉండొచ్చు. పైగా అందరూ 429 అనే అనరు: అమెజాన్ ఎస్3 అయితే 503 ఇచ్చి ‘స్లో డౌన్’ అంటుంది, గిట్‌హబ్ ఒక్కోసారి 403 ఇస్తుంది.

4. హెడర్ లేకపోతే 1, 2, 4, 8 సెకన్లు అంటూ విరామం పెంచుతూ పోండి. ఆ పెంచడం నిమిషం దగ్గర ఆపండి. అసలు కిటుకు జిట్టర్‌లో ఉంది. వర్కర్లన్నీ సరిగ్గా 8వ సెకనుకే లేస్తే, కరెంటు రాగానే అపార్ట్‌మెంట్‌లో ఏసీలన్నీ ఒక్కసారే ఆన్ అయి మళ్లీ ట్రిప్పయినట్టే. 0 నుంచి 8 లోపు ఏదో ఒక సంఖ్యని ఒక్కో వర్కర్‌కి ర్యాండమ్‌గా ఇవ్వండి.

5. ఎస్‌డీకే లోపల రీట్రై ఉందేమో చూసుకోండి. అది 5 సార్లు, మీ లూప్ 5 సార్లు అంటే ఒక్క పనికి 25 రిక్వెస్టులు.

6. అడగకుండా కుదిరితే అడగొద్దు. గూగుల్ షీట్స్‌లో ఒక యూజర్‌కి నిమిషానికి 60 రీడ్ రిక్వెస్టులే. ఒక్కో గడినీ విడిగా చదివే కోడ్ ఎంతసేపు నిలబడుతుంది? బ్యాచ్‌గెట్‌తో ఎన్ని రేంజ్‌లు అడిగినా ఒక్క రిక్వెస్టుగానే లెక్క. గిట్‌హబ్‌లో టోకెన్‌తో పాటు, పోయినసారి జవాబులో వచ్చిన ఈట్యాగ్ పంపండి. డేటా మారకపోతే 304 వస్తుంది, గంట కోటా తరగదు.

7. పేమెంట్, ఆర్డర్ లాంటి వాటికి ఐడెంపొటెన్సీ కీ (అదే పని రెండోసారి జరగకుండా చూసే గుర్తు) లేకుండా రీట్రై పెట్టకండి.

8. పూర్తయిన ఐడీలను ఎప్పటికప్పుడు ఫైల్‌లో రాయించండి. రాత్రి నడవమని వదిలేసిన జాబ్ మధ్యలో పడిపోయినా, పొద్దున్నే మిగిలినవాటి నుంచే మొదలుపెట్టొచ్చు.